‘పచ్చని మైలు’ చదివినవారి కన్నీరు

నవల చదివి కన్నీరు పెట్టుకొనుట మనలో పెక్కుమందికి అనుభవమైన విషయమే. కాని ఆ కన్నీరు ఎవరి నిమిత్తమై వచ్చినదని మనము సాధారణముగా ఆలోచింపము. పుస్తకము మూసి, ముఖము కడుగుకొని, భోజనమునకు లేచెదము. ఈ వ్యాసమున నేను పరిశీలింపదలచిన నవల అట్లు సులభముగా విడువదగినది కాదు. దాని పేరు ‘ది గ్రీన్ మైల్’, అనగా ‘పచ్చని మైలు’. దీనిని వ్రాసినవాడు అమెరికా దేశస్థుడగు స్టీఫెన్ కింగ్. భీతిని పుట్టించు కథలకు ప్రసిద్ధి చెందిన ఈ రచయిత 1947లో మెయిన్ రాష్ట్రమున జన్మించెను. ఆయన పుస్తకములు చదివి రాత్రి దీపము ఆర్పుటకు వెఱచినవారు లోకమున అసంఖ్యాకులు. ఈ నవల చదివినవారు మాత్రము తాము భయపడితిమని గాక, ఏడ్చితిమని చెప్పుకొందురు.

ఈ గ్రంథము వెలువడిన విధమే విచిత్రమైనది. 1996వ సంవత్సరము మార్చి మొదలు ఆగష్టు వఱకు నెలకొక చిన్న పుస్తకము చొప్పున ఆరు భాగములుగా ఇది ప్రకటింపబడెను. నూఱేండ్లకు పూర్వము ఇంగ్లండులో చార్లెస్ డికెన్సు నవలలు ఇట్లే భాగములుగా వచ్చుచుండెడివి. 1841లో ఆయన నవలలోని చిన్నారి నెల్ బ్రతికియున్నదో లేదో తెలిసికొనుటకై న్యూయార్కు రేవులో జనులు ఓడకై ఎదురుచూచిరని నేటికిని చెప్పుకొందురు. కింగ్ ఆ పాత పద్ధతిని మఱల తెచ్చెను. కడపటి పుట ముందుగా చదివి కథాంతమును తెలిసికొను దురలవాటు గల చదువరులకు ఇక్కడ దారి లేకపోయెను. మన వారపత్రికలలో ధారావాహిక నవలలను అనుసరించినవారికి ఈ నిరీక్షణము క్రొత్తది కాదు. అమెరికావారికి మాత్రము అది మఱచిపోయిన రుచి. ఆ యేడు ఆరు భాగములును ఒకే కాలమున న్యూయార్క్ టైమ్స్ పత్రికవారి అధిక విక్రయ గ్రంథముల పట్టికలో నిలిచెను. 1999లో ఫ్రాంక్ డారబాంట్ దీనిని చలనచిత్రముగా తీసెను.

కథ 1932లో జరుగును. అది దేశమంతటను పనులు లేక, జనులు ఆకలితో ఊరూర తిరుగుచున్న కాలము. దక్షిణదేశమున కోల్డ్ మౌంటెన్ అను చెఱసాలలో మరణశిక్ష పొందినవారిని ఉంచు విభాగమొకటి కలదు. దాని నేల నిమ్మకాయ పచ్చదనముగల పఱపుతో కప్పబడియుండును. ఆ నేల మీదుగా ఖైదీలు తమ గదుల నుండి విద్యుత్కుర్చీ వఱకు నడువవలయును. ఆ నడకకే ‘పచ్చని మైలు’ అని పేరు. ఆ విభాగమునకు పెద్ద పాల్ ఎడ్జ్‌కూంబ్. అతడు నలువదేండ్లవాడు, నెమ్మదిపరుడు, ఖైదీలతో మర్యాదగా మాటలాడువాడు. తన నూటనాలుగవ యేట వృద్ధాశ్రమమున కూర్చుండి ఈ కథ నంతయు వ్రాయుచున్నవాడును అతడే.

ఆ విభాగమునకు జాన్ కాఫీ అను నల్లజాతివాడు తేబడును. అతడు పర్వతమువంటి దేహము, పసిబిడ్డవంటి మనస్సు గలవాడు. రాత్రులు చీకటియన్న భయము. దీపము వెలుగుచునే యుండునా యని వచ్చినప్పుడే అడుగును. తొమ్మిదేండ్ల కవల బాలికల నిద్దఱిని చంపెనని అతనిపై నేరము. వారి మృతదేహములను రెండు చేతులలో పెట్టుకొని ఏడ్చుచుండగా అతనిని పట్టుకొనిరి. నిజమునకు అతడు వారిని బ్రదికింప యత్నించుచుండెను. ఏలయన అతని చేతులలో స్వస్థపరచు శక్తి కలదు. పాల్‌కున్న మూత్రవ్యాధిని తాకి పోగొట్టును. పర్సీ వెట్‌మోర్ అను క్రూరుడగు కావలివాడు కాలితో నలిపిన చిట్టెలుకను బ్రదికించును. చెఱసాల పెద్దయధికారి భార్య మెదడులో పుట్టిన గడ్డను తనలోనికి పీల్చుకొనును. ఆ పిల్లలను చంపినవాడు అదే విభాగమున మఱియొక గదిలో నున్న వార్టన్ అను దుర్మార్గుడని తుదకు పాల్ గ్రహించును. గ్రహించియు జాన్ కాఫీని కుర్చీలో కూర్చుండబెట్టును.

ఈ కథను పోయిన యేడు మా పై తరగతి విద్యార్థులకు వారమున కొక సాయంకాలము చొప్పున తెలుగున చెప్పితిని. ఆరు భాగములను ఆరు వారములు చెప్పి, ఏ వారమునకావారము వారి మాటలు వినుచుంటిని. మొదట వారి ప్రేమనంతయు కొల్లగొన్నది జాన్ కాఫీ కాదు, ఎలుక. డెలక్రా అను ఖైదీ దానికి మిస్టర్ జింగిల్స్ అని పేరు పెట్టి, దారపుకండెను దొర్లించుట నేర్పును. ఖాళీ కండెను గోడవైపు విసరిన చాలు, ఎలుక పరుగెత్తి ముక్కుతో దొర్లించుకొని తెచ్చును. పిల్లలు పడిపడి నవ్విరి. అప్పుడు నేను ఈ డెలక్రా యొక బాలికను చంపి, ఆ నేరము దాచుటకై నిప్పు పెట్టగా మఱి ఆర్గురు కాలిపోయిరని మఱల జ్ఞాపకము చేసితిని. నవ్వు ఆగిపోయెను. ఒక బాలుడు ఎంతో కష్టముతో, “అయ్యా, అతనిని ద్వేషింపవలెనని ఉన్నది గాని ఎలుక అడ్డువచ్చుచున్నది” అనెను. ఈ నవలను గూర్చి నేను చదివిన విమర్శలలో ఇంతకంటె చక్కని మాట లేదు. నేరస్థుడు నిర్దోషియైనప్పుడు జాలిపడుట సులభము. నిజముగా నేరము చేసినవానిపై కూడ జాలి కలుగజేయుటయే ఈ గ్రంథకర్త మొదట సాధించిన పని.

నాలుగవ భాగము చదివినవారు దానిని మఱవలేరు. అది డెలక్రా మరణము. దానిని అర్థము చేసికొనుటకు కొంచెము పదార్థవిజ్ఞానము కావలెను. విద్యుత్కుర్చీలో ఖైదీ తలపై గొఱిగి, ఉప్పునీటిలో తడిపిన స్పంజి నుంచి, దానిపై లోహపు టోపీ బిగింతురు. ఉప్పునీరు విద్యుత్తును సులభముగా ప్రవహింపజేయును. స్పంజి పొడిగానున్నచో ప్రవాహమునకు అడ్డు కలిగి, ఆ అడ్డు వేడిగా మాఱును. డెలక్రా తనను చూచి నవ్వెనన్న పగతో పర్సీ స్పంజిని తడుపక ఊరకుండెను. ఆ తరువాత జరిగినదంతయు రచయిత పుటలకొలది వర్ణించెను. కొందఱు చదువరులు ఇది హద్దు మీఱిన వర్ణనమందురు. నా యభిప్రాయము వేఱు. చట్టము ఒక పనిని మూసిన తలుపుల వెనుక చేయించినప్పుడు, ఆ తలుపు తీసి చూపుట హద్దు మీఱుట కాదు. అయినను తల్లిదండ్రులకు ఒక మనవి: క్రింది తరగతుల పిల్లల చేతికి ఈ భాగము నీయవలదు. నేను సహితము దీనిని మూడు వాక్యములలో చెప్పి ముగించితిని.

ఇట్టిది కథలోనే గాని లోకమున జరుగునా యని ఒకరు అడిగిరి. జరిగినది. విద్యుత్కుర్చీని మొదట ప్రయోగించినది 1890 ఆగష్టు 6న, న్యూయార్కు రాష్ట్రమందలి ఆబర్న్ చెఱసాలలో. విలియమ్ కెమ్లర్ అను వానికి పదునేడు సెకండ్లు విద్యుత్తు పాఱించి ఆపిన పిమ్మట అతడింకను ప్రాణముతో నుండుట చూచి మఱల పాఱించిరి. ఈ నవలా స్థలమని చెప్పబడు లూయిసియానా రాష్ట్రములో 1932లో విద్యుత్కుర్చీయే లేదు; అక్కడ అప్పుడు ఉరితీయుచుండిరి, కుర్చీ 1941లో వచ్చెను. నవలాకారునికి ఇంతమాత్రము స్వేచ్ఛ నీయవచ్చును. అయితే ఆ రాష్ట్రమందే 1946 మే 3న విల్లీ ఫ్రాన్సిస్ అను పదునేడేండ్ల నల్లజాతి బాలుని కూర్చుండబెట్టి మీట నొక్కగా, యంత్రము సరిగా పనిచేయక అతడు బ్రదికెను. ఒకసారి చావునకు పంపబడి తిరిగివచ్చినవానిని రెండవసారి పంపవచ్చునా? ఈ ప్రశ్న అమెరికా సుప్రీముకోర్టు వఱకు పోయెను. అయిదుగురు న్యాయమూర్తులు పంపవచ్చుననిరి, నలుగురు కూడదనిరి. 1947 మే 9న వానిని మఱల కూర్చుండబెట్టిరి. ఈసారి యంత్రము తప్పలేదు.

చదువరులు తఱచుగా ఈ నవలతో పోల్చునది జార్జి స్టిన్నీ కథ. దక్షిణ కరొలైనాలో 1944లో ఇద్దఱు తెల్లజాతి బాలికలు హతులైరి. పదునాలుగేండ్ల ఈ నల్లజాతి బాలునిపై నేరము మోపిరి. విచారణ ఒక్కదినములో ముగిసెను. జూరీవారు పదినిమిషములలో దోషియనిరి. పై న్యాయస్థానమునకు విన్నపమే పోలేదు. జూన్ 16న విద్యుత్కుర్చీలో వాని ప్రాణము తీసిరి. డెబ్బదియేండ్ల తరువాత, 2014 డిసెంబరులో, ఒక న్యాయమూర్తి ఆ తీర్పును రద్దుచేసెను. ఈ సంగతి చెప్పినప్పుడు తరగతిలో పదునాలుగేండ్లవారు ఎందఱున్నారో నేను లెక్కింపలేదు గాని, వారు తమలో తాము లెక్కించుకొనుట చూచితిని.

ఇక ఈ నవలపై చదువరులు రెండు పక్షములుగా చీలిన విషయమునకు వత్తము. జాన్ కాఫీ పేరులోని ఆంగ్ల తొలియక్షరములు జె, సి. క్రీస్తుప్రభువు నామమునకును ఆంగ్లమున అవియే. ఇది యాదృచ్ఛికము కాదు. నిరపరాధి యొకడు చంపబడబోవుచున్నాడని తోచినప్పుడే ఆ యక్షరములు పెట్టితినని రచయితయే తరువాత చెప్పెను. కావున క్రైస్తవ చదువరులు పెక్కుమంది సంతోషించి, ఇతరుల రోగములను మోసిన నిర్దోషి కథగా దీనిని చదువుదురు. రెండవ పక్షమువారు దీనిని కోపముతో చదువుదురు. నల్లజాతి చలనచిత్ర దర్శకుడు స్పైక్ లీ 2001లో విశ్వవిద్యాలయములందు ప్రసంగించుచు, తెల్లవారి కష్టములు తీర్చుటకే అద్భుతశక్తులు గల నల్లవారిని కల్పించు ఇట్టి చిత్రములను తీవ్రముగా ఖండించెను. జాన్ కాఫీకి తల్లి లేదు, ఊరు లేదు, తనకంటూ కోరిక లేదు. అతడు పుట్టినది అన్యులను బాగుచేసి చచ్చుటకేనా? ఈ యాక్షేపణమును తేలికగా త్రోసివేయరాదు.

నాకు తోచినది చెప్పుదును. మొదటి పక్షమువారు పోలికను సరియైన చోట వెదకలేదు. జాన్ కాఫీ క్రీస్తువంటివాడు కాడు. తనలోనికి పీల్చుకొన్న వ్యాధిని పర్సీ నోట ఊది, వాని చేత వార్టన్‌ను కాల్పించును. పర్సీ మతిచెడి వెఱ్ఱివాండ్ర ఆసుపత్రి పాలగును. ఇది క్షమాపణ కాదు, తీర్పు. సువార్త కథతో ఈ నవలకు నిజమైన పోలిక కలదు గాని, అది జాన్ కాఫీయందు లేదు. అది పాల్ ఎడ్జ్‌కూంబ్‌నందు, పిలాతునందు కలదు. ఎదుటివాడు నిర్దోషియని ఎఱిగి, విడిపింపవలెనని కోరి, భార్యయొద్ద హెచ్చరిక విని, అయినను తన ఉద్యోగధర్మము నెఱవేర్చిన అధికారి పిలాతు. పాల్ భార్య జానిస్ కూడ ఈ పని విని ఉగ్రురాలగును. పిలాతు చేతులు కడుగుకొనెను. పాల్‌కు ఆ పాటి నీరును దొరకలేదు. అఱువదినాలుగు సంవత్సరములు ఆ చేతులతోనే బ్రదికెను.

అయిదవ వారమున మా తరగతిలో వాదము చెలరేగెను. ఆ భాగమున పాల్, అతని సహచరులు రాత్రివేళ పర్సీని కట్టివేసి, జాన్ కాఫీని రహస్యముగా చెఱసాల వెలుపలికి కొనిపోవుదురు. పాత లారీలో ఎక్కించి పెద్దయధికారి ఇంటికి చేర్చి, అతని భార్యను స్వస్థపరపించి, తెల్లవారకమునుపే తిరిగి తెచ్చి గదిలో పెట్టుదురు. అప్పటికే పాల్ జాన్ కాఫీని నిర్దోషియని నమ్మియుండెను. హంతకుడు ఆ యింటి కుక్కకు మాంసము పెట్టి మచ్చిక చేసికొనెను. జాన్ కాఫీ జేబులోని భోజనపు పొట్లము మాత్రము దారముతో ముడివేసినది వేసినట్లే యున్నది. దాని నతడు విప్పినచో మఱల ముడివేయలేడు. చెప్పుల దారమే కట్టుకొనలేనివాడు. ఈ తర్కమును పిల్లలు గణితపు లెక్కవలె ఆనందించిరి. అప్పుడు వెనుక బల్లనుండి ఒక బాలిక లేచి, “అయ్యా, లారీలో ఎక్కించినారు గదా, తిరిగి ఎందుకు తెచ్చినారు?” అని అడిగెను.

నేను నవలలోని కారణములు చెప్పితిని. అతడంతటి దేహముగలవాడు ఎక్కడ దాగును? ఆ కాలపు దక్షిణదేశమున తెల్లబాలికల హత్యకు శిక్షపడిన నల్లవానికి పునర్విచారణ ఎవరు చేయుదురు? అద్భుతమును ఏ కోర్టు సాక్ష్యముగా గైకొనును? కావలివారికి భార్యాబిడ్డలు లేరా? ఇవన్నియు నిజమైన కారణములే. ఆ బాలిక ఓపికగా విని, “పెద్దయధికారి భార్య కొఱకు ఉద్యోగము పోవునని భయపడలేదు గదా” అనెను. తోడనే మఱియొకడు అందుకొని, జాన్ కాఫీయే చావగోరెను గదా, లోకములోని బాధయంతయు తన తలలో గాజుపెంకులవలె గ్రుచ్చుచున్నదని, అలసిపోతినని చెప్పెను గదా, తానే ఒప్పుకొన్నప్పుడు తప్పేమి అనెను. దానికి ఆమె, “చీకటికి భయపడువాడు నిజముగా చావగోరునా? చెఱలో నున్నవానిని అడిగినచో ఏమి చెప్పును?” అనెను. ఆ సాయంకాలము గంట కొట్టిన పిదప గూడ ఎవరును లేవలేదు.

స్పైక్ లీ ఆక్షేపణమునకును ఈ బాలిక ప్రశ్నకును మూలమొక్కటియే. జాన్ కాఫీ తానే చావునకు ఒప్పుకొనుట కావలివారికి ఎంత అనుకూలమో, చదువరులకును అంత అనుకూలము. అతడు మొఱ్ఱపెట్టి, కాళ్లు తన్నుకొని, “నేను చేయలేదు” అని అఱచుచు ఆ నేలమీద నడిచియుండినచో మనమిట్లు మెత్తని కన్నీరు విడువగలమా? రచయిత మనకు కొంత సుఖము కల్పించెననుట నిజము. అది ఈ గ్రంథమందలి దోషము. అయితే అదే రచయిత పాల్‌కు మాత్రము ఆ సుఖము నీయలేదు. ఈ నవలలో చెడ్డవాడగు పర్సీ చేసిన హింసకంటె, మంచివాండ్రు మంచిగా, మర్యాదగా, కండ్లనీళ్లతో చేసిన పనియే నాకు ఎక్కువ భయంకరముగా తోచును. చదువరులు పర్సీని తిట్టుదురు, అది సులభము. పాల్‌ను తిట్టుటకు నోరు రాదు, ఏలయన అతని స్థానమున మనముండినను అట్లే చేసియుందుము.

అందఱును అట్లే చేసిరా? ఇల్లినాయి రాష్ట్రపు కథ నొకటి ఇక్కడ చెప్పవలెను. 1977లో అక్కడ మరణశిక్ష మఱల అమలునకు వచ్చిన పిదప పండ్రెండుగురిని చంపిరి. మరణశిక్ష పడినవారిలో పదుమువ్వురు నిర్దోషులని తేలి విడుదలైరి. ఈ లెక్క చూచి గవర్నరు జార్జి రయన్ 2000 జనవరిలో మరణదండనలను నిలిపివేసెను. 2003 జనవరిలో పదవి విడుచుటకు ముందు మరణశిక్షకై ఎదురుచూచుచున్న నూట అఱువదియేడుగురికి శిక్ష తగ్గించెను. 2011లో ఆ రాష్ట్రము మరణశిక్షనే తీసివేసెను. ఈ రయన్ ఋషిపుంగవుడేమియు కాడు. లంచగొండితనపు నేరముల క్రింద 2006లో అతనికే శిక్షపడి చెఱసాలకు పోయెను. అయినను పాల్ చేయజాలని పని అతడు చేసెను. మన దేశమున ఉరిశిక్ష నేటికిని కలదు. అరుదైన వాటిలోకెల్ల అరుదైన నేరములకే దానిని విధింపవలెనని సుప్రీముకోర్టు 1980లో బచన్ సింగ్ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. మా తరగతిలో ఈ విషయమై ఓట్లు తీసికొనగా, ఉండవలెననువారే ఒకరిద్దఱు ఎక్కువైరి. హతులైన పిల్లల తల్లిని గూర్చి మీరేల మాటలాడరని వారడిగిన ప్రశ్న న్యాయమైనదే. నవలలో ఆ తల్లిదండ్రుల దుఃఖమునకు తావు కొంచెమే.

కథాంతమును గూర్చి ఒక మాట. జాన్ కాఫీ తాకిడివలన పాల్‌కు దీర్ఘాయుస్సు కలుగును. ఆ చిట్టెలుకకును అట్లే. తనవారందఱును పోగా అతడు మిగిలియుండును. ఇది వరమా శిక్షయా యని చదువరులు ఇప్పటికిని వాదించుకొందురు. ఆ వాదమునకు ఆధారమైన ఘట్టము చలనచిత్రమున లేదు, పుస్తకములోనే కలదు. కావున చిత్రమును మాత్రమే చూచినవారికి అది తెలియదు. 1956లో పాల్, జానిస్ ప్రయాణము చేయుచున్న బస్సు అలబామాలో ప్రమాదమున పడును. పాల్‌కు గీఱుకొన్న గాయములే తప్ప ఏమియు కాదు. జానిస్ వానలో అతని చేతులలో ప్రాణము విడుచుచుండగా అతడు సాయమునకై కేకలు వేయును. ఒక్క తాకిడితో ఆమెను బ్రదికింపగల చేతులు లోకమున ఒకప్పుడుండెను. వాటిని కుర్చీకి బిగించి కట్టించినవాడు తానే. వంతెన నీడలో జాన్ కాఫీ నిలిచియున్నట్లు ఒక్క క్షణము అతనికి కనబడును. మఱల చూచునప్పటికి అక్కడ ఎవ్వరును లేరు, వాన మాత్రము కురియుచుండును.